మా వీధుల నీటి కట్టుబాటు

ఏప్రిల్‌లో ట్యాంకర్ కోసం ఫోన్ల మీద ఫోన్లు చేస్తాం. జులై వచ్చేసరికి అదే నీటిని డాబా మీది నుంచి పైపు పెట్టి మరీ రోడ్డు మీదికి వదిలేస్తాం. హైదరాబాద్‌లో చెరువు కింద కాలనీ కట్టుకున్న మా అందరిదీ ఇదే కథ.

200 గజాల స్థలం మీద 10 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 16,700 లీటర్లు. అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడు దాటుతాయి. గేటు దాకా సిమెంటు చేసుకున్నాం కాబట్టి చుక్క ఇంకదు. ఎగువ వీధిలో అలాంటి ఇళ్లు 40 ఉంటే, 130 ట్యాంకర్ల నీళ్లు దిగువ వీధి గుమ్మాల మీద పడ్డట్టే.

పోయిన వానాకాలం ఒక రాత్రి చివరి గల్లీలో నీళ్లు గుమ్మంలోంచి రాలేదు, బాత్రూమ్‌లోంచి ఎగదన్నాయి. ఇన్వర్టర్ డైనింగ్ టేబుల్ ఎక్కింది, బియ్యం బస్తా దివాన్ ఎక్కింది, దాని పక్కనే కాళ్లు ముడుచుకుని ముసలమ్మ కూర్చుంది. ‘మీ డాబా నీళ్లే అక్కా, మా ఇంట్ల లేస్తున్నయి’ అని ఆ ఇంటి కోడలు పై వీధికి ఫోన్ చేసి చెప్పింది. నిజమే. డ్రైనేజీ లైను ఇంట్లో వాడిన నీటికోసం వేసింది. దానికి మనం డాబా పైపులు కలిపాం. అందుకే మొదటి కట్టుబాటు: ఆ పైపులు విడదీస్తాం.

1908 సెప్టెంబరులో మూసీ ఊరిని ముంచాక విశ్వేశ్వరయ్య నీటిని నగరానికి ఎగువనే ఆపమన్నారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ అలా వచ్చాయి. అంతకు ఎంతో ముందే మన గొలుసుకట్టు చెరువులు చేసిన పనీ అదే. పై చెరువు నిండి, మత్తడి దూకితేనే కింది చెరువుకు నీళ్లు. మా ఇళ్లను అలాగే చూడాలనుకుంటున్నాం. డాబా నీళ్లు తొలివాన మురికి పోయాక ఫిల్టరు గుండా సంపులోకి, సంపు నిండితే ఇంకుడు గుంతలోకి, అదీ నిండితేనే రోడ్డు మీదికి. గుంత ఒక్కటే అంతా మింగేస్తుందని ఎవరికీ మాట ఇవ్వం. మనది రాతి నేల, కొన్నిచోట్ల నాలుగడుగులకే బండ తగులుతుంది. 2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్కరోజులో పడ్డ 24 సెంటీమీటర్ల వానకు ఏ గుంతా ఆగదు. మామూలు వానలో నీళ్లన్నీ ఒకేసారి కింది గల్లీ మీద పడకుండా ఆపగలిగితే చాలు.

నీరటి పని మళ్లీ పెడుతున్నాం. చెరువు తూము ఎత్తేవాడి పేరే అది. నెలకొక ఇల్లు వంతు. వానకు ముందు జాలీల మీద ఆకులు, పాల ప్యాకెట్లు తీయడం, మ్యాన్‌హోల్ మూతలు ఎవరూ ఎత్తకుండా చూడడం నీరటి పని. నీళ్లు పోతాయని మూత తెరిచి, ఎర్రగుడ్డ కట్టిన కర్ర గుచ్చి వెళ్లిపోవడం ఇక కుదరదు. మోకాలి లోతు నీళ్లలో ఆ కర్ర కొట్టుకుపోయాక అక్కడ గొయ్యి ఉందని ఎవరికి తెలుస్తుంది?

అధికారులను అడగాల్సినవీ ఉన్నాయి. రోడ్డు వేసే ముందు పాతది చెక్కాలి. రోడ్డు మీద రోడ్డు వేసి మా మూడు మెట్లలో రెండింటిని పూడ్చేశారు. నాలా హద్దు గుర్తించి రాళ్లు పాతాలి, గోడ ఎవరిదైనా సరే. అయితే ఈ కాగితం రాస్తున్నవాళ్లలోనే ముగ్గురి ర్యాంపులు వాన కాలువ మీదున్నాయి. అవి తీయకుండా ఆఫీసు మెట్లెక్కితే నవ్వుతారు.

వచ్చే ఆదివారం ఉదయం ఏడింటికి చివరి గల్లీలో కలుద్దాం. టేపు, గడ్డపార తెచ్చుకోండి. మొదట తీసేది మా సంఘం పెద్దాయన ర్యాంపు. ఆయన సరేనన్నారు గానీ, కారు ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు.