కరువు మనది, కొలబద్ద ఎవరిది?

బుక్కరాయసముద్రం పేరులోనే సముద్రం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల పేరు మోస్తున్న చెరువూ ఉంది. అయినా ఈ మండలంలో మెట్ట చేను నమ్ముకున్న రైతుకు మాత్రం ఆకాశమే దిక్కు. చెనిక్కాయ ఊడలు దిగే వేళ, కాయ ఊరే వేళ వాన మొహం చాటేస్తే పంట పోయినట్టే. ఆ తర్వాత ఓ వాన పడితే చేను మళ్లీ పచ్చబడుతుంది. పీకి చూస్తే చెట్టుకు కాయ ఉండదు.

ఉపగ్రహం చెట్టు పీకి చూడదు. దానికి పచ్చదనం కనిపిస్తుంది. ఆ పచ్చదనం కూడా కరువును తేల్చే లెక్కల్లో ఒకటి!

ఈ లెక్కలన్నీ కేంద్ర వ్యవసాయ శాఖ 2016 డిసెంబర్‌లో తెచ్చిన కరువు మాన్యువల్‌లో ఉన్నాయి. అదే ఏడాది మే నెలలో స్వరాజ్ అభియాన్ కేసులో సుప్రీంకోర్టు మాన్యువల్‌ను సవరించమని ఆదేశించింది. కరువును సకాలంలో గుర్తించాలన్నదే కోర్టు ఆవేదన. చివరికి మనకు దక్కిందేమిటి? ముందు వర్షపాతం లోటు, వాన ఎడం చూడాలి. తర్వాత సాగు విస్తీర్ణం, ఉపగ్రహ చిత్రాలు, నేల తేమ, నీటి వనరులు చూడాలి. ఆపైన పొలాల్లో తనిఖీ చేయాలి. ఇదంతా ముగించి అక్టోబర్ 30 లోగా ఖరీఫ్ కరువును ప్రకటించాలి.

అసలు మెలిక ఇక్కడే ఉంది. మాన్యువల్ ప్రకారం కరువు రెండు రకాలు: తీవ్రం, మధ్యస్థం. కేంద్ర విపత్తు సహాయ నిధికి తీవ్ర కరువుకే అర్హత. పంట నష్టం 50 శాతం దాటితేనే తీవ్రం. 33 నుంచి 50 శాతం మధ్య ఉంటే మధ్యస్థం. కానీ 33 శాతం నష్టపోయినా పెట్టుబడి రాయితీ ఇస్తామని 2015లో చెప్పింది కూడా కేంద్రమే! ఒక చేత్తో గీత కిందికి జరిపి, ఇంకో చేత్తో గేటు మూశారు. 2023 ఖరీఫ్‌లో రాష్ట్ర ప్రభుత్వం 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది. అందులో 23 మధ్యస్థం కిందికి పోయాయి. అక్కడి రైతు అప్పు కూడా మధ్యస్థంగానే ఉంటుందా?

కొలతలే వద్దని మనం అనడం లేదు. కొలత లేకపోతే పలుకుబడి ఉన్న నాయకుడి మండలమే కరువు మండలమవుతుంది. అది మనకు తెలియని సంగతి కాదు. మన ప్రశ్న వేరు. ఈ కొలతను చట్టసభ ఎప్పుడైనా చదివిందా?

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద చేసే నిబంధనలను పార్లమెంటు ముందు పెట్టాలి. మాన్యువల్ 'నిబంధన' కాదు, 'మార్గదర్శకం' మాత్రమే. కనుక సభ ముందుకు రానక్కర్లేదు. నిబంధనలను పరిశీలించడానికి లోక్‌సభలో 1953 నుంచీ సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీ ఉంది. మన శాసనసభలోనూ అలాంటి కమిటీ ఉంది. కానీ రైతు మెడకు చుట్టుకునేది నిబంధన కాదు, ఇలాంటి మార్గదర్శకాలూ, మెమోలూ, సర్క్యులర్లే. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 1977 నుంచీ ఉభయ సభల సంయుక్త కమిటీ పనిచేస్తోంది. ప్రభుత్వ శాఖ తెచ్చిన నిబంధన అన్యాయమనిపిస్తే ఆపే అధికారం దానికుంది. మన కమిటీలకు సిఫార్సు చేయడమే మిగిలింది.

సభ తలుచుకుంటే ఏమీ చేయలేదా? ఉద్యోగ మిత్రులకు 610 జీవో గుర్తుండే ఉంటుంది. 1985 డిసెంబర్ 30న వచ్చిన ఆ జీవో ఏళ్ల తరబడి ఫైళ్లలో మగ్గింది. ఆందోళనలు పెరిగాకే అమలు తీరు చూడడానికి ఉమ్మడి రాష్ట్ర శాసనసభ సభా సంఘం వేసింది. జనం అడిగితేనే సభ చదువుతుంది.

కాబట్టి మనం అడగాల్సినవి ఐదున్నాయి. కరువు మాన్యువల్‌నూ, దాన్ని అమలు చేసే జీవోలనూ తెలుగులో సభ ముందు పెట్టాలి. మార్గదర్శకాలను కూడా సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీ పరిశీలించాలి. ఆ కమిటీ అమరావతిలో కాక అనంతపురంలో కూర్చుని రైతుల మాట వినాలి. ప్రతి మండలానికీ ఏ సూచిక ఎంత వచ్చిందో పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించాలి. మాన్యువల్ మార్చాల్సింది కేంద్రం కనుక మన ఎంపీలు పార్లమెంటులో నోరు విప్పాలి.

విద్యార్థి మిత్రులారా! రేకులకుంట వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఈ మండలంలోనే ఉంది. జంతులూరులో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. ఆ మాన్యువల్ తెచ్చుకుని చదవండి. రచ్చబండ మీద కూర్చుని రైతుకు అర్థమయ్యేలా చెప్పండి. రేపు రాష్ట్రం మన చేతికొచ్చినా నిబంధనలు రాసే బల్ల అలాగే ఉంటుంది, రాసే కలమూ అలాగే ఉంటుంది. దాని మీద కన్నేసి ఉంచే అలవాటు ఇప్పుడే నేర్చుకోకపోతే జెండా మారుతుంది గానీ కరువు లెక్క మారదు.