డబ్బా మీద ఓఆర్‌ఎస్, లోపల చక్కెర నీళ్లు

నీళ్లు, నిధులు, నియామకాలని గొంతు చించుకున్నం. 2014 జూన్ 2న రాష్ట్రమొచ్చింది. మరి వాంతులు, విరేచనాలతో వాడిపోయిన పసిబిడ్డకు తాపే నీళ్ల గురించి ఎవరన్న అడిగినమా? ఆ నీళ్ల పేరు మీదనే మందుల దుకాణాల్లో ఏండ్ల తరబడి పండ్లరసం డబ్బాలు అమ్మిన్రు. పైన ‘ఓఆర్‌ఎస్’ అనే అక్షరాలు, లోపల చక్కెర!

ఇది పొరపాటు కాదు, పచ్చి దగా. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కొలత లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, వీటితోపాటు పొటాషియం క్లోరైడు, సోడియం సిట్రేటు. ఉప్పు, గ్లూకోజు జోడుగా ఉంటేనే పేగు నీళ్లను గుంజుకుంటది. చక్కెర మితిమీరితే ఒంట్లో ఉన్న నీళ్లే పేగులోకి దిగుతయి. మందని కొన్నదే రోగాన్ని పెంచుతది.

హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీనిమీద దాదాపు 8 ఏండ్లు కొట్లాడిన్రు. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఏం చేసింది? ‘ఇది అసలు ఓఆర్‌ఎస్ కాదు’ అని ఒక ముక్క రాస్తే చాలు, పేరు పెట్టుకోవచ్చని 2022 జూలైలో అనుమతిచ్చింది! 2025 అక్టోబర్ 14న గానీ దాన్ని రద్దు చేయలేదు. కంపెనీలకు అప్పుడన్నా సిగ్గొచ్చిందా? ఢిల్లీ హైకోర్టుకు ఉరికినయి.

కంపెనీలనే తిట్టి ఊకుంటే సరిపోదు. బిడ్డకు నాలుగుసార్లు విరేచనమైతే చాలు, ఆర్‌ఎంపీతో గ్లూకోజు బాటిలు ఎక్కించుడు, యాంటీబయాటిక్ సూది వేయించుడు. నోటితో తాగే పిల్లకు సూదెందుకు? పైగా తల్లిపాలు బందుపెట్టమనే పెద్దమనుషులు ఇంకా ఉన్నరు! పాలు ఆపొద్దు, తిండి ఆపొద్దు. ప్యాకెట్ మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్లల్ల కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా తాపాలె. ఆ నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలె. ఆరు నెలలు దాటిన బిడ్డకు జింకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకన్న చిన్న బిడ్డకు 10, మొత్తం 14 రోజులు. విరేచనాలు ఆగినా జింకు ఆపొద్దు. కండ్లు గుంతలు పడ్డా, తాగలేక సోలిపోయినా, విరేచనంల నెత్తురు పడ్డా ఆలస్యం చేయక దవాఖానకు తీస్కపోవాలె. సెలైన్ అవసరం పడేది అసొంటప్పుడే.

ధర్నాల్లో కూసున్న ఉద్యోగులారా, లాఠీలు తిన్న విద్యార్థి తమ్ముళ్లారా! మీ ఊరి సబ్‌సెంటర్‌కు పోయి జింకు గోలీలున్నయా, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లున్నయా అడుగుండ్రి. అవి ఉత్తగనే ఇయ్యాలె. లేవంటే ఎన్నాళ్లుగా లేవో కాగితం మీద రాయించుకోండ్రి. వచ్చేటప్పుడు, నల్లా పైపు ఏ మోరీలకెల్లి పోతున్నదో కూడా చూసి రండ్రి.