సొసైటీ కొట్టు మనది, దానికి తాళం పడనివ్వం

"సొసైటీలు నష్టాల్లో ఉన్నాయి, ఊళ్లలోని డిపోలు ఎత్తేసి దూరంగా ఉన్న పెద్ద సొసైటీలో కలిపేద్దాం" అన్న మాట అధికారుల నోటా, నాయకుల నోటా తరచూ వినబడుతోంది. ఈ మాటను మనం మొదట్లోనే తిప్పికొట్టాలి.

సొసైటీ కొట్టు ఎవరో దయతలచి పెట్టిన దుకాణం కాదు. షావుకారు వడ్డీ నుంచి బయటపడాలని మన తాతలు, తండ్రులు వాటాధనం కట్టి నిలబెట్టుకున్నది. అప్పు ఇచ్చిన ఆ సొసైటీయే ఎరువులు, విత్తనాలు అమ్మింది. కిరసనాయిలు, పంచదార, కంట్రోలు బట్ట కూడా చాలా ఊళ్లకు అక్కడి నుంచే అందాయి. తూకం మీద, ధర మీద నమ్మకం ఉన్న కొట్టు ఊరికి అదొక్కటే.

దాని అవసరం తీరిపోయిందా? 2025 వానాకాలం చూడండి. తెలంగాణలో యూరియా దొరక్క రైతులు తెల్లవారకముందే చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టారు. ఎక్కడ? సొసైటీల ముందు. ఆ వరుసలు సరఫరాలో సర్కారు వైఫల్యానికి సాక్ష్యం. అయినా రైతు అక్కడికే ఎందుకు వెళ్లాడు? 45 కిలోల బస్తా రూ.266.50కే ఇస్తారన్న నమ్మకంతో. బయట కొన్ని దుకాణాల్లో 'లింకు' పెడతారు. అక్కర్లేని మందు డబ్బా కొంటేనే యూరియా బస్తా కిందికి దిగుతుంది. ఎమ్మార్పీకి మించి అమ్మడం 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నేరమే. కానీ పక్కన సొసైటీ కొట్టు లేని ఊళ్లో ఆ ఉత్తర్వు కాగితానికే పరిమితం.

డిపో పోతే బస్తా మీద ఆటో కిరాయి పడుతుంది, ఒక రోజు పని పోతుంది. చేతిలో రొక్కం లేని కౌలు రైతు మళ్లీ అప్పుకిచ్చే వ్యాపారి గడప తొక్కుతాడు. పంట చేతికొచ్చాక అతను చెప్పిన ధరకే కాటా వేయించుకుంటాడు.

నష్టాలు లేవని మనం అనడం లేదు. అవి ఎవరు తెచ్చినవన్నదే మన ప్రశ్న. బినామీ పేర్లతో రుణాలు రాసుకున్నది సామాన్య సభ్యుడా? ధాన్యం కొనుగోళ్ల కమీషన్ బకాయి పెట్టింది రైతా? ఆంధ్రప్రదేశ్‌లో 2013 తర్వాత ఏళ్ల తరబడి సొసైటీ ఎన్నికలు పెట్టలేదు, నామినేటెడ్ కమిటీలతోనే నడిపారు. తెలంగాణలో 2020 ఫిబ్రవరిలో గెలిచిన పాలకవర్గాల ఐదేళ్ల గడువు 2025 ఫిబ్రవరితో ముగిసింది. సభ్యుడి చేతిలో ఓటు లేకుండా చేసి, ఆ తర్వాత లెక్క తప్పిందని సభ్యుడి కొట్టు మూయడం ఏ న్యాయం?

సభ్యుల చేతిలో ఉంటే సొసైటీ ఎలా నడుస్తుందో చూడాలంటే భీమదేవరపల్లి మండలం ముల్కనూరు వెళ్లండి. 1956లో పుట్టిన ఆ సహకార సంఘం ఈనాటికీ అప్పులిస్తోంది, ఎరువులమ్ముతోంది, సభ్యుల పంట కొంటోంది. అసలు ఈ బాటకు పునాది వేసింది కూడా బీదవాళ్లే. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో నేతపనివాళ్లు, ఇతర కార్మికులు 28 మంది చందాలు పోగేసి చిన్న కొట్టు తెరిచారు. కల్తీ లేని పిండి, వెన్న, చక్కెర అమ్మారు. మనిషికి ఒక ఓటు, కొన్న సరుకును బట్టి లాభంలో వాటా అన్నది వాళ్ల పద్ధతి. వాళ్లను కాపాడింది పెట్టుబడి కాదు, పెత్తనం తమ చేతిలో ఉంచుకోవడం.

అందుకే మనం డిమాండ్ చేస్తున్నాం:

మహాజన సభ ఆమోదం లేకుండా ఏ డిపోనూ మూయరాదు, ఏ సొసైటీనీ కలపరాదు.
ఎన్నికలు గడువు ప్రకారం జరపాలి.
ఆడిట్ నివేదికను, పెద్ద బకాయిదారుల జాబితాను పంచాయతీ బోర్డు మీద అతికించాలి.
సొమ్ము తిన్నవారిపై 51వ సెక్షన్ కింద విచారణ జరిపి రాబట్టాలి.
కమీషన్ బకాయిలు వెంటనే చెల్లించాలి.
కౌలు రైతులకు సభ్యత్వం ఇవ్వాలి.

మన వంతు కూడా ఉంది. ఇంట్లో వాటా రశీదు వెతికి తీయండి. సభ్యుల జాబితాలో పేరుందో లేదో చూసుకోండి. మహాజన సభ కోరం లేక వాయిదా పడిందంటే ఆ తప్పు మనదే అవుతుంది. సభకు కదలండి, లెక్క అడగండి. సరుకున్నంత కాలం సొసైటీలోనే కొనండి.

తాళం పడ్డాక గేటు ముందు ధర్నా చేసే కన్నా, తాళంచెవి మన చేతిలోనే ఉంచుకుందాం.