పూచీకత్తు లేని అభయము

ఇటీవల విశాఖపట్టణమున జరిగిన యొక సభలో, ఉన్నతోద్యోగము చేసి విరమించిన పెద్దమనిషి యొకరు అణువిద్యుత్తును గూర్చి గంటసేపు ప్రసంగించి, చిట్టచివర "కొవ్వాడ జనులది భయము కాదు, ఉత్త అజ్ఞానము" అని సెలవిచ్చినంతనే సభయంతయు చప్పట్లు చఱచినది. ఆ చప్పట్లు విన్నది మొదలు నా కోపము చల్లారలేదు. చల్లార్చుకొనవలెనన్న కోరికయు నాకు లేదు. ఏలయన, ఆ మాట ఆ వక్త యొక్కనిది కాదు. చల్లని గదులలో కూర్చుండి పత్రికలు తిరగవేయు విద్యావంతులందఱి నోటను నేడు అదే పాట: అణువిద్యుత్తు చవక, అణువిద్యుత్తు నిరపాయము, అణువిద్యుత్తు అనివార్యము, కాదన్నవాడు పల్లెటూరివాడైనచో అజ్ఞాని, పట్టణవాసియైనచో విదేశీయుల డబ్బునకు అమ్ముడుపోయినవాడు. ఈ రెండు బిరుదములలో నాకేది దక్కునో చదువరులే నిర్ణయింతురు గాక.

ఆ అజ్ఞానులెవరో యెఱుగనివారికై రెండు మాటలు చెప్పవలసియున్నది. శ్రీకాకుళము జిల్లా రణస్థలము మండలమున సముద్రపుటొడ్డున నున్న జాలరి గ్రామము కొవ్వాడ. 2009లో కేంద్రప్రభుత్వము అణువిద్యుత్కేంద్రములకై సూత్రప్రాయముగా అంగీకరించిన స్థలములలో పశ్చిమ వంగమునందలి హరిపూరు ఒకటి, గుజరాతునందలి మీఠీ విర్ది ఒకటి, మన కొవ్వాడ ఒకటి. హరిపూరును 2011లో ఆ రాష్ట్ర ప్రభుత్వమే వలదనెను. మీఠీ విర్ది రైతులు ఎదురు తిరుగగా, అచ్చట నెలకొల్పదలచిన అమెరికా రియాక్టర్లు 2016లో కొవ్వాడకు మరలింపబడెను. గుజరాతు రైతు వలదన్నచో అది వివేకము, శ్రీకాకుళపు జాలరి వలదన్నచో అది అజ్ఞానము! ఇంతకంటె విచిత్రమైన సంగతి మఱియొకటి కలదు. ఈ జిల్లా జాలరులు సొంత తీరమున బ్రతుకుతెరువు చాలక, ఏటేట ఆ గుజరాతునకే, వేరావలు రేవునకు, మరపడవలపై కూలికి పోవుచుందురు. 2018 నవంబరులో అట్లు పోయినవారే సరిహద్దు జలములలో పాకిస్తానువారికి చిక్కి 2020 జనవరి వరకు కరాచీ చెఱలో మగ్గిరి. మన కూలీలు అచ్చటికి, వారు వలదన్న రియాక్టర్లు ఇచ్చటికి: రెండు తీరములకు నడుమ జరిగిన వ్యాపారమిది.

అదే మండలమునందలి పైడిభీమవరపు మందుల కంపెనీల వ్యర్థజలము గొట్టముల గుండ సముద్రమున కలియుచుండగా, చచ్చిన చేపలు ఒడ్డునకు కొట్టుకొనివచ్చుటను కన్నులార చూచినవారు ఈ తీరవాసులు. అలివి వల లాగునప్పుడు నెత్తళ్ళు ఎన్ని గంపలు పడెడివో, ఇప్పుడెన్ని పడుచున్నవో వారికి లెక్క తెలియును. ఆ గొట్టములు వేయునాడును ఏ హానియు లేదనియే పెద్దలు చెప్పియుందురు. ఒకసారి విన్న మాటనే మరల వినుచున్నవాడు సందేహించినచో దానిని అజ్ఞానమందురా, అనుభవమందురా?

ఇక అసలు విషయము. నిరపాయమని చెప్పువాడు ఆ నిరపాయతకు పూచీ పడునా? నాకు కావలసిన సమాధానమిదియొక్కటే. సంతలో ఎద్దునమ్మువాడు సైతము పండ్లు పట్టి చూపించి, దుక్కిలో కూలబడినచో వెనుకకు తోలుకొనిపోదునని పదిమంది యెదుట మాట యిచ్చును. రియాక్టరు నమ్మువాడు ఆపాటి మాటకును సిద్ధముగా లేడు. భోపాలు విషవాయువు జ్ఞాపకము ఇంకను పచ్చిగా నుండగా 2010లో మన పార్లమెంటు అణునష్ట పరిహార చట్టమును చేసినది. యంత్రములోని లోపమువలన ప్రమాదము సంభవించినచో, పరిహారము చెల్లించిన నిర్వాహకుడు ఆ సొమ్మును సరఫరాదారునినుండి రాబట్టుకొనవచ్చునని 17వ సెక్షనులో ఒక నిబంధన చేర్చినది. అంతే! ఆ యొక్క నిబంధనను చూచి అమెరికా కంపెనీలు ఏండ్ల తరబడి ఒప్పందముపై సంతకము పెట్టలేదు. ఏ కంపెనీలు? తమ రియాక్టరులో ఘోరప్రమాదము పదిలక్షల యేండ్లకొకమారు సంభవించుటయు అరుదని లెక్కలు కట్టి చూపినవే! పదిలక్షల యేండ్లకు రాని యాపదకు పూచీ పడుటకు వెఱపేల? తమ గణితమును తాము నమ్మనివారు, చేపలు పట్టుకొని జీవించువానిని నమ్మవేమని గద్దించుట న్యాయమా?

చివరకు ఏమి జరిగినది? కంపెనీలు దిగిరాలేదు, మన చట్టమే దిగివచ్చినది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన క్రొత్త అణుశక్తి చట్టము 2010 చట్టమును రద్దుచేసి, సరఫరాదారుని మెడకు చుట్టుకొన్న ఆ నిబంధనను తొలగించి, ప్రైవేటు కంపెనీలకు ద్వారములు తెరచినది. రియాక్టరు ఎంత పెద్దదైనను నిర్వాహకుని బాధ్యత మూడువేల కోట్ల రూపాయలకు మించదు. ఆపైన కొంత ప్రభుత్వము భరించును, అనగా మనమే భరింతుము. ఫుకుషిమా ప్రమాదమునకై జపానులో ఆ కేంద్రమును నడిపిన కంపెనీ ఇంతవరకు చెల్లించిన పరిహారము పదిలక్షల కోట్ల యెన్లకు మించినది. మన లెక్కలో అయిదు లక్షల కోట్ల రూపాయల పైమాట. మూడువేల కోట్లెక్కడ, అయిదు లక్షల కోట్లెక్కడ! చట్టముచేసినవారికి ఈ వ్యత్యాసము తెలియదనుకొనుటకు వీలులేదు. తెలిసియే చేసిరి. ఆ సభలోని వక్త గంటసేపు మాటలాడియు ఈ చట్టముయొక్క ఊసెత్తలేదు. అజ్ఞానమును గూర్చి ఉపన్యసించుటకు అంత తీరిక చిక్కినవానికి చట్టమును గూర్చి ఒక్క వాక్యము పలుకుటకు తీరిక చిక్కలేదు.

భద్రతను గూర్చిన మాట యింకొకటి. ఈ అమెరికా రియాక్టరుకు కప్పుమీద పెద్ద నీటితొట్టి యుండుననియు, బయటినుండి కరెంటు రాకపోయినను, మనిషి చేయి తగులకపోయినను, 72 గంటలు తనంతట తానే చల్లారుచుండుననియు ఘనముగా చెప్పుదురు. మంచిదే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఇదే జిల్లాలో పలాస వద్ద తీరము దాటినది. కొబ్బరిచెట్లు వేలకువేలు కూలి, కరెంటు స్తంభములు నేలకొఱిగి, దారులు మూసికొనిపోయి, ఉద్దానములో వారము దాటినను దీపము వెలుగని గ్రామములుండెను. డెబ్బదిరెండు గంటలట! తొట్టి నింపుటకు నీరు, నీరు తోడుటకు డీజిలు, డీజిలు తెచ్చుటకు దారి కావలదా? ఆ ఉద్దానములోనే మూత్రపిండముల వ్యాధితో దశాబ్దములుగా జనులు చచ్చుచుండగా, దాని కారణమిదియని నేటికిని నిర్ధారణగా చెప్పలేని వైద్యవ్యవస్థ మనది. కంటికి కానరాని వికిరణమును ఇంటింట కొలిచి కాపాడుదుమని అదే జిల్లాలో హామీ యిచ్చుచున్నాము.

మనవారికి అనుభవము లేదా యందురు. కలదు. 1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశమునందలి నరోరాలో టర్బైను రెక్కలు విఱిగి, హైడ్రోజను అంటుకొని, కేంద్రమంతయు దాదాపు పదునేడు గంటలు కరెంటు లేక అంధకారమున మునిగినది. కొందఱు ఉద్యోగులు బ్యాటరీదీపములు చేతబట్టి భవనము పైకెక్కి, చేతులతో కవాటములు త్రిప్పి, బోరాను ద్రవమును రియాక్టరులోనికి వదలిరి. ఆ ధీరులకు నమస్కారము. కాని ఆనాడు దేశమును కాపాడినది లెక్కల పుస్తకము కాదు, బ్యాటరీదీపము. మఱుసటి సంవత్సరమే కైగాలో కట్టుచున్న రియాక్టరు భవనపు గుమ్మటము ఊడిపడినది. వీనినన్నిటిని పరీక్షించు నియంత్రణ మండలి 1983లో పుట్టినను, తాను పరీక్షింపవలసినవారి నీడలోనే మనుచున్నదని 2012లో కాగ్ నివేదిక ఎత్తిచూపినది. దానికి చట్టబద్ధత కల్పించుటకు మనకు మఱి పదమూడేండ్లు పట్టినది.

చవకదనమును గూర్చి చెప్పుటకు నాకు నవ్వు వచ్చుచున్నది. కొవ్వాడలో కట్టదలచిన ఆరు రియాక్టర్ల ఒప్పందములు 2017 జూను నాటికి కుదురుటకు కృషి చేయుదుమని 2016లో భారత, అమెరికా ప్రభుత్వాధినేతలు సంయుక్తముగా ప్రకటించిరి. ఆ గడువునకు మూడు నెలల ముందే, 2017 మార్చిలో, వాటిని కట్టవలసిన వెస్టింగ్‌హౌస్ కంపెనీ దివాలా పత్రము దాఖలు చేసినది! ఎందువలన? తన సొంతదేశమున అవే రియాక్టర్లు కట్టబోయి. దక్షిణ కరోలినాలో రెండింటిని మొదలుపెట్టి, 900 కోట్ల డాలర్లు ఖర్చైన తరువాత 2017 జూలైలో సగములోనే విడిచిపెట్టిరి. అచ్చటి విద్యుత్ కంపెనీ అధిపతి మోసము చేసితినని ఒప్పుకొని కారాగారమునకు పోయెను. జార్జియాలోని వోగ్టిల్ వద్ద 1400 కోట్ల డాలర్లని మొదలిడిన రెండు రియాక్టర్లు, చెప్పిన గడువునకు ఏడేండ్లు వెనుకబడి, 3000 కోట్ల డాలర్లకు మించి మ్రింగి, 2023 జూలైలో ఒకటి, 2024 ఏప్రిలులో మఱియొకటి పనిలోనికి వచ్చెను. అట్లాంటాలో ఇండ్లు కొనుక్కొన్న మన తెలుగువారిని అడిగి చూడుడు: ఆ రియాక్టర్ల రుసుము 2011 నుండియే, ఒక్క యూనిటు కరెంటు పుట్టకమునుపే, అచ్చటి బిల్లులలో చేరినది. అట్టివారి తండ్రులే ఇచ్చట సభలలో కూర్చుండి, చవకయన్న మాటకు చప్పట్లు కొట్టుచున్నారు!

కొవ్వాడలో తలపెట్టినవి ఒక్కొక్కటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు. వోగ్టిల్ ధరకే లెక్కించినచో ఎనిమిది లక్షల కోట్ల రూపాయలు తేలును; 2025-26 ఆంధ్రప్రదేశ్ బడ్జెటు మొత్తము 3.22 లక్షల కోట్లు. ఇచ్చట కూలి చవక, సగమునకు సగము తగ్గునందురా? తగ్గించుకొనుడు, అప్పటికిని రాష్ట్రపు ఒక ఏటి బడ్జెటును మించును. మన చేతిపని చవకదనమును చూడవలెనన్నచో కల్పాక్కమునకు పోవలెను: అచ్చటి ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరు పని 2004లో మొదలై, 2010కి ముగియవలసియుండగా, 2024 మార్చిలో గాని అందు ఇంధనము నింపుటకు ఆరంభోత్సవము జరుగలేదు.

బొగ్గు పొగ వలన ఇంతకంటె ఎక్కువమంది చచ్చుచున్నారను వాదము వినియున్నాను. బొగ్గును సమర్థింపుమని నన్నెవరు అడిగిరి? 2010 జూలైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో, థర్మల్ కేంద్రములు వలదన్నందుకే ఈ జిల్లా ప్రజలపై పోలీసు తుపాకులు ప్రేలి ప్రాణములు పోయినవి. బొగ్గు వలదన్ననాడును వారు అజ్ఞానులే, అణువు వలదన్ననాడును అజ్ఞానులే. సోంపేట బీల, అనగా అచ్చటి చిత్తడినేల, నేడు నీటితో, చేపలతో, గడ్డితో మిగిలియున్నదన్నచో అది ఆ అజ్ఞానుల పుణ్యమే గాని ప్రణాళికలు వేసినవారి దూరదృష్టి కాదు. అణువిద్యుత్తునకు ఆదర్శమని ఫ్రాన్సు సంగతి కూడ ఎత్తుదురు. ఆ ఫ్రాన్సులోనే ఫ్లామన్‌విల్ రియాక్టరు 2007లో మొదలై 2024 డిసెంబరునకు గాని తీగెలకు కరెంటు నందింపలేదని చెప్పి విడుతును.

మఱి ప్రత్యామ్నాయమేమని అడుగుదురు. రాయలసీమ ఎండలున్నవి. కడప సౌరవిద్యుత్తునకు 2017లోనే యూనిటు 3 రూపాయల 15 పైసలకు వేలము పలికినది. ఎండ రాత్రి యుండదు గదా యనువారికి, పగటి కరెంటుతో నీటిని పైకెక్కించి రాత్రి క్రిందికి దించి 1680 మెగావాట్లు తీయుటకు పిన్నాపురము వద్ద నిర్మించిన జలాశయములున్నవి. ఇవి చాలునా, ఎన్నియేండ్లలో చాలును, తీగెలెవరు వేయుదురు, వాటి కింద పోవు భూముల సంగతియేమి యను లెక్కలు నిపుణులు వేయవలసినవి, వేయనిండు. ఎనిమిది లక్షల కోట్లు ఒకచోట గ్రుమ్మరించుటకు ముందు వేయనిండని మాత్రమే నేననుచున్నది.

ఈలోపల చేయదగిన పని యొకటి కలదు, దానికి విజ్ఞానశాస్త్రముతో పనిలేదు. కొవ్వాడ చుట్టుపట్ల గ్రామములు పోవునో నిలుచునో తేల్చక, దశాబ్దమునకు పైగా వానిని త్రిశంకుస్వర్గమున వ్రేలాడదీసిరి. ఎప్పుడో లేచిపోవు ఊరికి బడి యేల, రోడ్డేల యని అధికారి యనును. రేపు పోవు ఇంటికి సున్నమేల యని గృహస్థుడే చేయి ముడుచుకొనును. ఆ భూమిని నమ్మి పిల్లనిచ్చువాడు లేడు. ప్రమాదము జరిగినను జరుగకున్నను ఈ నష్టము మాత్రము జరిగిపోవుచునే యున్నది. దీనికి ఏ చట్టములోను పరిహారము లేదు. కనుక ప్రభుత్వమువారిని నేను కోరునది యింతియే: రియాక్టరు కట్టదలచినచో, లోపము వలన ఆపద వచ్చినపుడు అమ్మినవాడే చెల్లించునట్లు ఒప్పందము వ్రాయించి, దానిని తెలుగులో గ్రామసభ ముందు చదివించి, తేదీ చెప్పి, పరిహారము ముందుగా చేతికిచ్చి కట్టుడు. అట్లు వ్రాయుటకు అమ్మువాడు ఒప్పుకొననిచో, ఆ సంగతి గెజెట్టులో ప్రకటించి, వారి భూములను వారికి విడిచిపెట్టుడు.