అరకు ప్యాకెట్‌పై ముద్ర సరే.. రైతుకెంత?

మొన్న సంక్రాంతికి విశాఖ నుంచి హాలిఫాక్స్ వచ్చిన మా బావగారు రెండు అరకు కాఫీ ప్యాకెట్లు తెచ్చారు. పది తెలుగు కుటుంబాలు కలిసినచోట అవి చేతులు మారుతుంటే అందరి ముఖాల్లో గర్వం. 2017లో పారిస్‌లో దుకాణం తెరవడం, 2019లో భౌగోళిక గుర్తింపు రావడం, 2023లో జీ20 దేశాల నేతలకు కానుకగా ఇవ్వడం.. అన్నీ చెప్పుకున్నాం. అంతా విని బావగారు ఒక్క మాటన్నారు: "పేరొచ్చింది, సంతోషమేనయ్యా. కాయ కోసినవాడికి ఎంతొచ్చింది?"

సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. లెక్క తేలనిదే నిద్రపట్టదు.

ఇక్కడి దుకాణాల్లో కాఫీ, టీ, మిరియాల ప్యాకెట్లపై రెండు ముద్రలు కనిపిస్తాయి. రెండూ ఒకటే అనుకుంటాం, కాదు. 'ఆర్గానిక్' అన్నది కెనడాలో చట్టం. సేంద్రియ పదార్థం 95 శాతానికి తగ్గితే ప్రభుత్వ ముద్ర వేయకూడదు. 'ఫెయిర్ ట్రేడ్' చట్టం కాదు, ప్రైవేటు సంస్థలు పెట్టుకున్న ప్రమాణం. మొదటిది పంట ఎలా పండిందో చెబుతుంది. రెండోది దాన్ని ఎలా కొన్నారో చెబుతుంది. ఇంకో తేడా కూడా ఉంది. అంతర్జాతీయ ఫెయిర్‌ట్రేడ్ సంస్థ టీ విషయంలో కూలీలు పనిచేసే పెద్ద ఎస్టేట్లకూ ముద్ర ఇస్తుంది. కాఫీకి మాత్రం చిన్న రైతుల సంఘాలకే ఇస్తుంది.

మరి ధర? 2023 ఆగస్టు నుంచి ఆ సంస్థ కడిగిన అరబికా పచ్చి గింజకు పౌనుకు 1.80 అమెరికన్ డాలర్ల కనీస ధర పెట్టింది. సేంద్రియమైతే మరో 40 సెంట్లు. సంఘం ఉమ్మడి అవసరాలకు 20 సెంట్ల ప్రీమియం. మొత్తం 2.40 డాలర్లు. వేయించినప్పుడు బరువు తగ్గుతుంది కాబట్టి 340 గ్రాముల ప్యాకెట్‌కు సుమారు 400 గ్రాముల పచ్చి గింజ కావాలి. అంటే మనం 20 కెనడా డాలర్లు పెట్టి కొనే ప్యాకెట్‌లో ఈ కనీస లెక్కన సంఘానికి చేరేది దాదాపు మూడు డాలర్లు. అదీ ఓడరేవు దగ్గరి ధర. సంఘం ఖర్చులు పోను మిగిలిందే రైతుది.

కనీస ధర పడిపోయే మార్కెట్‌లో గొడుగు లాంటిది. ఎండకాసినప్పుడు దాని అవసరం ఉండదు. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్‌లో అరబికా పౌను నాలుగు డాలర్లు దాటింది. అలాంటప్పుడు మార్కెట్ ధర మీదే ప్రీమియం కలిపి ఇవ్వాలి. కానీ చేతిలో నగదుతో వచ్చే దళారి ముందు, తర్వాత చెల్లించే సంఘం నిలవడం కష్టం. రైతులు దళారి వైపు వెళ్తే సంఘం ఒప్పుకున్న సరుకు ఇవ్వలేదు, మంచి కొనుగోలుదారును పోగొట్టుకుంటుంది. ధర మళ్లీ పడినప్పుడు ఆదుకునేవాడే ఉండడు.

ధర ఒక్కటే కాదు, పురుగు భయమూ ఉంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ నీడలో కాఫీ పెంచుతారు. ఆ చెట్లకే మిరియాల తీగ పాకిస్తారు. 2025లో అరకు తోటల్లో కాయతొలుచు పురుగు బయటపడింది. పురుగు కాయలోపల ఉంటుంది కాబట్టి మందు చల్లినా అందడం కష్టం. సేంద్రియ రైతుకైతే ఆ దారీ లేదు. సోకిన కాయలను కోసి నాశనం చేయాలి, రాలినవి ఏరాలి, ఎరలు పెట్టాలి, బవేరియా శిలీంధ్రం చల్లాలి. అంతా ఒంటి కష్టమే. మందు లేని కాఫీ కావాలన్నది మన కోరిక. దాని నష్టభయం మోసేది ఆయన. ఇందులో భాగస్వామ్యం ఎక్కడుంది?

నిజమైన భాగస్వామ్యం ఎలా ఉంటుందో చూడాలంటే నాకు గంట ప్రయాణం. ఇదే నోవాస్కోషియాలోని వుల్ఫ్‌విల్ దగ్గర 1995లో కొందరు కలిసి 'జస్ట్ అజ్' అనే కాఫీ సంస్థ పెట్టారు. మెక్సికోలోని చియాపాస్ చిన్న రైతుల నుంచి నేరుగా కొనడంతో మొదలుపెట్టారు. తర్వాత దాన్ని ఉద్యోగుల సహకార సంఘంగా నడిపారు. 2007లో వుల్ఫ్‌విల్ కెనడాలో తొలి ఫెయిర్ ట్రేడ్ పట్టణమైంది. అంత చిన్న ఊరికి అది సాధ్యమైందంటే, ఏదో ఒక పండక్కి కొనడం వల్ల కాదు, ఏటా కొనడం వల్లే.

మనకు అరకు పక్షాన గిరిజన సహకార సంస్థ ఉంది. నాంది ఫౌండేషన్ అండతో ఏర్పడిన రైతు సంఘం ఉంది. లేనిది స్థిరంగా కొనే చేయి. కెనడాలో ప్రతి పెద్ద నగరంలో తెలుగు సంఘం ఉంది. ఉగాదికి, దీపావళికి వందల కప్పుల కాఫీ కాస్తాం. ఏడాది సరుకు ముందే మాట్లాడుకుని, కొంత బయానా ఇచ్చి కొంటే పెద్ద భారమేం కాదు. కొనేముందు మూడు ప్రశ్నలు అడుగుదాం: ఇది ఏ రైతు సంఘం సరుకు? కిలోకు రైతుకు ఎంత ఇచ్చారు? ఎన్నేళ్లకు ఒప్పందం? జవాబు చెప్పగలిగిన వ్యాపారి దగ్గరే కొందాం.

బావగారు తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో మళ్లీ అడిగారు, లెక్క తేలిందా అని. ప్యాకెట్‌కు మూడు డాలర్లన్నాను. ఆయన మాట్లాడలేదు. వచ్చే ఉగాదికి మా సంఘం ముందు ఈ లెక్క పెడుతున్నాను.