ప్లగ్గు సంగతి తరువాత, ముందు ఆ క్లిప్పు చూడండి!

అమెరికాలో ఉన్న మన సాఫ్ట్‌వేరు జనాలకి కారు పనుల్లో మొదటి మెట్టు ఆయిల్ మార్చడం, రెండోది ఎయిర్ ఫిల్టరు, మూడోది స్పార్క్ ప్లగ్గులు. షాపువాడు చెప్పిన లేబర్ చార్జీ విని గుండె గుభేలుమంటుంది, రాత్రి నాలుగు వీడియోలు చూస్తాం, శనివారం పొద్దున్నే హుడ్ ఎత్తుతాం. మంచిదే, నేనూ ఆ పార్టీయే. కానీ "నాలుగు బోల్టులు, నాలుగు ప్లగ్గులు, అరగంట పని" అని ఆ వీడియోల్లో తేల్చి పారేస్తారు చూశారా, అక్కడే నాకు పేచీ. అసలు కష్టం ప్లగ్గులో లేదు. ఇగ్నిషన్ కాయిల్‌కి తగిలించిన చిన్న ప్లాస్టిక్ కనెక్టర్‌లో ఉంది. ఈ పని ఇంట్లో చేసుకోవాలా వద్దా అన్నది దాన్ని చూసి తేల్చుకోవాలని నా అభిప్రాయం.

పాత కార్లలో డిస్ట్రిబ్యూటర్ నుంచి ఒక్కో ప్లగ్గుకీ లావుపాటి వైరు వచ్చేది. ఇప్పటి పెట్రోలు కార్లలో చాలావాటికి ఒక్కో ప్లగ్గు నెత్తి మీద ఒక్కో కాయిల్ ఉంటుంది. అది కదలకుండా ఓ బోల్టు, చాలా జపాన్ కార్లలో 10 ఎంఎం. కాయిల్ పైకి లాగాలంటే ముందు కనెక్టర్ ఊడదీయాలి. "వైరుకి వదులుంటే కనెక్టర్‌తో సహా పక్కకి తిప్పేయొచ్చు" అనేవాళ్ళున్నారు. కాయిల్ పొడుగ్గా ఉంటుంది, నిటారుగా పైకి రావాలి. అంత వదులు సాధారణంగా ఉండదు, భారమంతా లోపలి పిన్నుల మీద పడుతుంది.

ఇక్కడో తమాషా చూడండి. ఇప్పటి ఇరిడియం ప్లగ్గులు చాలా కార్లలో లక్ష మైళ్ళ దాకా వస్తాయి. అంటే మనం మొదటిసారి ముట్టుకునేసరికి ఆ కనెక్టర్ ఇంజన్ వేడికి ఏ పదేళ్ళో కాగి ఉంటుంది. ప్లగ్గుకి దీర్ఘాయుష్షు ఇచ్చారు గానీ ప్లాస్టిక్‌కి ఇవ్వలేదు. అది అప్పడంలా పెళుసెక్కి ఉంటుంది. కొత్త కారు మీద చూపించిన వీడియోలో "టిక్"మని వచ్చేది మన కారులో "టక్"మని విరుగుతుంది.

అందుకే తొందర పనికిరాదు. తాళం తీసి ఇగ్నిషన్ ఆపేసి ఉండాలి. ఇంజన్ వేడిగా ఉండకూడదు, ఎందుకంటే అల్యూమినియం హెడ్‌లో మరలు పాడవుతాయి. అలాగని మిషిగన్ జనవరి చలిలో గడ్డకట్టిన గరాజ్‌లోనూ వద్దు, ప్లాస్టిక్ ఇంకా పెళుసవుతుంది. ముందు టార్చ్ వేసి లాక్ ఎలాంటిదో చూడండి. కొన్నిటికి నొక్కాలి, కొన్నిటికి ఎత్తాలి, కొన్నిటికి ముందు ఓ చిన్న రంగు ముక్కని వెనక్కి జరపాలి. తరువాత కనెక్టర్‌ని కాస్త లోపలికే తోయండి. పట్టు వదులవుతుంది. అప్పుడు లాక్ నొక్కి, కనెక్టర్ ఒంటిని పట్టుకుని లాగండి. వైర్లు పట్టుకుని మాత్రం కాదు. స్క్రూడ్రైవర్‌తో పెకలించడం అసలే వద్దు.

"విరిగితే ఏముంది, ఓ జిప్ టై కట్టేస్తే సరి" అంటారు కొందరు. ఇంటికి చేరడానికి సరే. శాశ్వత వైద్యం మాత్రం కాదు. లాక్ లేని కనెక్టర్ ఇంజన్ అదురుకి మెల్లగా జరుగుతుంది. ఒకరోజు బాగుంటుంది, ఒకరోజు మిస్‌ఫైర్. మనవాళ్ళకి చెప్పక్కర్లేదు, టెస్టింగ్‌లో కనిపించక ప్రొడక్షన్‌లో మాత్రమే వచ్చే బగ్గు ఎలా ఏడిపిస్తుందో. ఓబీడీ రీడర్ పెడితే పీ0302 అనో, కాయిల్ సర్క్యూట్ గురించి పీ0352 అనో వస్తుంది (రెండూ రెండో సిలిండర్‌వే). జనం కొత్త కాయిల్ కొంటారు, కనెక్టర్ మాత్రం అలాగే ఉంటుంది. ఈలోగా మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని వేడెక్కించి పాడుచేస్తుంది. చెక్ ఇంజన్ లైటు మినుకుమినుకుమంటే అర్థం అదే. అప్పుడు హైవే మీద అలాగే లాగించకండి. కన్వర్టర్ ఖర్చు ముందు మనం మిగిల్చిన లేబర్ చార్జీ ఏ మూలకి?

లాక్ విరిగితే చాలా కార్లకి ఆ ప్లాస్టిక్ గూడు ఒక్కటే దొరుకుతుంది, లేదా వైర్లతో కలిపి. పిన్నులు ఒక్కొక్కటే అదే వరుసలో మార్చుకోవాలి. నన్నడిగితే పని మొదలెట్టకముందే ఒకటి కొని పక్కన పెట్టుకోవాలి. బ్యాకప్ లేకుండా ప్రొడక్షన్ మీద చెయ్యి వేయం కదా!

నా లెక్క ఇదీ. హుడ్ ఎత్తగానే కనెక్టర్లు నాలుగూ కనిపిస్తున్నాయా, లాక్ ఎలా పనిచేస్తుందో అర్థమైందా, విడి గూడు దొరుకుతోందా? మూడింటికీ అవునంటే నిక్షేపంగా మొదలెట్టండి. ఇంటేక్ మానిఫోల్డ్ కింద దాక్కున్న వీ6 వెనక వరసైతేనో, ఇదివరకెవరో విరగ్గొట్టి వదిలేసిన క్లిప్పైతేనో మెకానిక్‌కి ఇవ్వండి, నామోషీ ఏం లేదు. అక్కడైనా కారు తీసుకునే ముందు కవరు ఎత్తించి అన్ని లాకులూ పడ్డాయో లేదో చూసుకోండి. డబ్బులిచ్చిన పనికి ఆమాత్రం చూడటం తప్పేం కాదు.