ఇంటి గుమ్మంలో విద్యుత్ వాహనం



పిల్లల పెంపకం, ఇంటి ఖర్చు, ఇరుగుపొరుగు హక్కుల గురించి ముచ్చటించుకునే ఈ శీర్షికలో ఈ మాసం ఒక వాహనం గురించి వ్రాయవలసి వస్తున్నది. అరబీ వ్యాకరణం బోధించేవానికి బ్యాటరీలతో పనేమిటని కొందరు నవ్వుకోవచ్చు. అయితే మా మదరసాకు పిల్లలను దింపడానికి వచ్చే తల్లిదండ్రులలో ఇటీవల ప్రతి నెలా ఒకరిద్దరు విద్యుత్ స్కూటరుపై వస్తున్నారు. కొనేటప్పుడు ఒక్కసారి ఛార్జి చేస్తే ఎన్ని కిలోమీటర్లు పోతుందో అందరూ అడుగుతున్నారు. రాత్రి దానిని ఎక్కడ నిలుపుతారు, ఏ సాకెట్టుకు తగిలిస్తారు అని నేను అడిగితే మాత్రం చాలామంది తడబడుతున్నారు. నా దృష్టిలో అన్నిటికంటే ముందు ఆలోచించవలసింది ఆ రెండవ విషయమే.

కారణం చెబుతాను. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోని ఒక ఇంట్లో రాత్రి ఛార్జింగుకు పెట్టిన స్కూటరు బ్యాటరీ తెల్లవారుజామున పేలింది. ఆ గదిలో నిద్రిస్తున్న 80 ఏళ్ళ వృద్ధుడు మరణించారు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో ఛార్జింగులో ఉన్న బ్యాటరీ పేలి ఇంటి యజమాని ప్రాణాలు కోల్పోయారు, భార్యాపిల్లలు గాయపడ్డారు. ఆ సంవత్సరమే సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో ఒక హోటలు భవనం క్రింది భాగంలోని విద్యుత్ స్కూటర్ల విక్రయశాలలో మంటలు లేచాయి. పొగ మెట్ల దారిగుండా పై అంతస్తులకు ప్రాకింది. 8 మంది మరణించారు. వారు స్కూటర్లు కొనడానికి వచ్చినవారు కారు, పై గదులలో బస చేసినవారు.

ఈ ఘటనలు చెప్పి పాఠకులను భయపెట్టడం నా ఉద్దేశం కాదు. పెట్రోలు కూడా మండే పదార్థమే, వంటగదిలోని గ్యాస్ సిలిండరూ అంతే. వాటితో ఎలా మెలగాలో మనకు అలవాటైంది, దీనితో ఇంకా కాలేదు. పైన చెప్పిన ప్రమాదాల తరువాత కేంద్ర ప్రభుత్వం రిజిస్ట్రేషన్ అవసరమయ్యే వాహనాల బ్యాటరీ భద్రతా ప్రమాణాలను రెండు దశలుగా, 2022 డిసెంబర్ నుండి ఒకసారి, 2023 మార్చి ఆఖరు నుండి మరొకసారి, కఠినం చేసింది. అందువల్ల అంతకుముందు తయారైన బండి ఎవరైనా చౌకగా అమ్మజూపితే తొందరపడకండి. బండిపై ముద్రించి ఉండే తయారీ నెల, సంవత్సరం చూడండి.

మండిబజార్, చార్‌బౌళి, మట్టెవాడ ప్రాంతాలలోని మన ఇళ్ళ తీరు ఒకసారి తలచుకోండి. వీధిలోకి ఒకే తలుపు. తలుపు తెరవగానే సన్నని నడవ, దాని ప్రక్కనే మెట్లు. మెట్ల క్రింది ఖాళీలో బండి. మీటరు బోర్డు, మెయిన్ స్విచ్చు కూడా అక్కడే. పెట్రోలు బండి ఏళ్ళ తరబడి అక్కడే నిలిచింది గనుక కొత్తది కూడా అక్కడికే చేరుతుంది, దగ్గరలో ఉన్న సాకెట్టుకు వైరు తగులుతుంది. ఈ ఏర్పాటులో ఉన్న ప్రమాదమేమిటంటే, అక్కడ నిప్పు పుడితే మేడపై ఉన్నవారు దిగివచ్చే ఏకైక దారి అదే. సికింద్రాబాద్‌లో జరిగింది ఇదే. లిథియం బ్యాటరీ అంటుకుంటే వెలువడే పొగ విషపూరితమైనది, అది నిమిషాలలో మెట్లను నింపివేస్తుంది.

కాబట్టి బండి కొనకముందే స్థలం చూసుకోండి. ఇంటి ముందు గేటు లోపల రేకు నీడ ఉన్నా చాలు, వెనుక పెరడు ఉన్నా మంచిదే. రెండూ లేనివారు బ్యాటరీ ఊడదీయగల బండిని ఎంచుకుని, బ్యాటరీని పడుకునే గదిలోనూ బయటికి వెళ్ళే దారిలోనూ కాక, పరుపులు, తెరలు, బట్టల మూటలు లేని గచ్చు నేల మీద, కిటికీ ఉన్న చోట ఛార్జి చేయాలి. అది కూడా కుదరకపోతే కొనుగోలు కొంతకాలం వాయిదా వేయడమే మేలని నేను చెబుతాను. ఈ మాట అమ్మకందారులకు రుచించదు.

దీపాలు ఆర్పకుండా, నిప్పును మండనిచ్చి నిద్రపోవద్దని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరించిన సంగతి మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. ఎలుక వత్తిని లాగి ఇంటికి నిప్పు పెట్టవచ్చునన్న కారణం కూడా హదీసులలో ఉన్నది. నూనె దీపం పోయి బల్బు వచ్చిన తరువాత ఆ హెచ్చరికతో ఇక పని లేదనుకున్నాము. రాత్రంతా ఛార్జింగులో ఉండే బండి దానిని మళ్ళీ మన ముందుకు తెచ్చింది.

దీనికి తగిన వేళల పట్టిక మన దినచర్యలోనే ఉన్నది. పని నుండి మగ్రిబ్ వేళకు ఇల్లు చేరతారు. ప్రయాణం చేసివచ్చిన బ్యాటరీ వేడిగా ఉంటుంది, వెంటనే తగిలించకూడదు. గంటసేపు ఆరనివ్వండి. ఇషా నమాజుకు బయలుదేరే ముందు కాక, తిరిగివచ్చిన తరువాత, ఇంట్లో పెద్దవారు మేలుకుని ఉండగా ఛార్జింగు పెట్టండి. నిద్రకు ఉపక్రమించేటప్పుడు తీసివేయండి. సాధారణంగా 4, 5 గంటలలో పూర్తిగా నిండే బ్యాటరీకి ఆ రెండు మూడు గంటలలో సగానికి పైగా చేరుతుంది. పట్టణంలో తిరిగేవారికి అది చాలు. వరంగల్ నుండి కాజీపేటకు రోజూ వెళ్ళివచ్చినా పాతిక కిలోమీటర్లకు అటూఇటూ. ఇంకా కావలసినవారు ఫజ్ర్ తరువాత పెట్టుకోవచ్చు. వేసవిలో గాలి చల్లగా ఉండేది ఆ వేళలోనే.

ఇక సాకెట్టు విషయం. ఛార్జరు లాగే విద్యుత్తు నిజానికి ఇస్త్రీ పెట్టె కంటే తక్కువే. కాని ఇస్త్రీ పెట్టె పావుగంట పని చేస్తుంది, ఇది గంటల తరబడి ఆగకుండా లాగుతుంది. సాకెట్టు లోపల పిన్ను వదులుగా ఉంటే అక్కడ వేడి పుట్టి, ప్లాస్టిక్ కరిగి, నిప్పు అక్కడ మొదలవుతుంది. ఇటువంటప్పుడు నింద బ్యాటరీపై పడుతుంది, తప్పు పాతబడిన స్విచ్చుబోర్డుది. అందుకే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మీటరు నుండి విడిగా ఒక వైరు లాగించి, 16 ఆంపియర్ల మూడు రంధ్రాల సాకెట్టు, దానికి ప్రత్యేకంగా ఒక ఎంసీబీ, విద్యుత్తు లీకైతే కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎర్తింగు నిజంగా పని చేస్తున్నదా అని మీటరుతో చూపించమని అడగండి. పాత ఇళ్ళలో మూడవ రంధ్రం ఉంటుంది, దాని వెనుక వైరు ఉండదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు, కిటికీ గుండా వేలాడే వైరు పూర్తిగా మానుకోవాలి. మొదటి వారంలో ఛార్జింగు పెట్టిన అరగంటకు ప్లగ్గు మీద చేయి వేసి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, చేయి ఉంచలేనంత వేడిగా ఉంటే ఆపివేసి సాకెట్టు మార్పించండి.

బిల్లు లెక్క కూడా చూసుకోండి, ఇది గృహిణులకు ముఖ్యం. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగే స్కూటరుకు సుమారు ఒక యూనిట్, నెలకు 30 నుండి 35 యూనిట్లు ఖర్చవుతాయి. అదే దూరానికి పెట్రోలు దాదాపు 20 లీటర్లు కావాలి గనుక లాభం స్పష్టమే. అయితే 2024 నుండి మన రాష్ట్రంలో గృహజ్యోతి పథకం క్రింద నెలకు 200 యూనిట్ల లోపు వాడుకునే అర్హులైన కుటుంబాలకు బిల్లు సున్నాగా వస్తున్నది. ఇప్పటికే 175, 180 యూనిట్లు వాడే ఇంట్లో బండి చేరితే ఆ హద్దు దాటుతుంది, ఆ నెల బిల్లు మొత్తం కట్టవలసి వస్తుంది. అప్పుడు కూడా పెట్రోలు కంటే చౌకే, కాని ముందే తెలిసి ఉంటే ఇంట్లో వాగ్వాదం ఉండదు. కొందరు ఈ లెక్క తప్పించుకోవడానికి మస్జిద్ వరండాలోని సాకెట్టుకు బండి తగిలిస్తున్నారని విన్నాను. ఆ విద్యుత్తు వక్ఫ్ సొమ్ము. కమిటీ అనుమతి తీసుకుని, డబ్బు కట్టి వాడుకోవడం వేరు.

బండి తెచ్చుకునే రోజు షోరూములో చేయవలసినవి కొన్ని. బిల్లుపై, వారంటీ కాగితంపై ఉన్న బ్యాటరీ నంబరు, మోటారు నంబరు, ఛార్జరు నంబరు బండిపై ఉన్నవాటితో సరిపోలుతున్నాయా చూడండి. ఏడాది తరువాత బ్యాటరీ మార్చమని వెళితే ఆ నంబరే మాట్లాడుతుంది. టైర్ల గాలిని పుస్తకంలో వ్రాసిన ప్రకారం సరిచేయించండి. గాలి తక్కువైతే ప్రయాణ దూరం తగ్గేది మొదట ఈ బండికే. కంపెనీ ప్రకటించే దూరం పరీక్షా పరిస్థితులలో కొలిచినది, ఇద్దరు కూర్చుని నడిపితే అందులో నాలుగో వంతు, ఒక్కొక్కసారి మూడో వంతు తగ్గించుకుని లెక్కించండి. కొత్త బ్రేకులు మొదటి 100, 200 కిలోమీటర్ల వరకు పూర్తిగా పట్టవు, ఆ రోజులలో నెమ్మదిగా నడపాలి. లైసెన్సు, నంబరు అక్కరలేదని అమ్మే చిన్న బండ్లకు చట్టం హద్దు పెట్టింది: మోటారు 250 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు మించరాదు. దుకాణంలోనే వేగం పెంచి ఇస్తామంటే ఒప్పుకోకండి. అలా మార్చిన బండి చట్టం దృష్టిలో నంబరు లేని, బీమా లేని మోటారు వాహనం. (వాయిదాలలో కొనేటప్పుడు వచ్చే వడ్డీ సమస్య పెద్దది, అది వేరుగా వ్రాస్తాను, ఇన్షా అల్లాహ్.)

బ్యాటరీ ఎలాంటిదో తెలుసుకోకుండా దాని సంరక్షణ సాధ్యం కాదు. చాలా బండ్లలో లిథియం బ్యాటరీ ఉంటుంది. దానిని ప్రతిరోజూ 100 వరకు నింపి ఉంచడం, సున్నా వరకు ఖాళీ చేయడం రెండూ ఆయుష్షును తగ్గిస్తాయి. 20, 80 మధ్య ఉంచుతూ, వారానికో పది రోజులకో ఒకసారి పూర్తిగా నింపితే లోపలి సెల్స్ సమస్థాయికి వస్తాయి. చౌక బండ్లలో సీసపు బ్యాటరీ ఉంటుంది. దాని స్వభావం దీనికి విరుద్ధం. వాడిన ప్రతిసారీ, వేడి తగ్గగానే, పూర్తిగా నింపాలి. ఖాళీగా నాలుగు రోజులు వదిలేస్తే పాడవుతుంది. పాత సెల్‌ఫోను రోజుల నుండి వచ్చిన, పూర్తిగా అయిపోయాకే ఛార్జి చేయాలన్న సలహా ఈ రెండింటిలో దేనికీ పనికిరాదు.

మన ఊరి ఎండ బ్యాటరీకి మంచిది కాదు. మే నెలలో ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి, ఎండలో నిలిపిన బండి లోపల అంతకంటే ఎక్కువ ఉంటుంది. లిథియం సెల్స్‌కు ఛార్జింగు హద్దు సాధారణంగా 45 డిగ్రీలు. జుమా నమాజుకు వెళ్ళినప్పుడు రెండడుగులు ఎక్కువ నడిచినా సరే, చెట్టు నీడలో నిలపండి. వర్షంలో నడపడానికి భయం లేదు, నీటిలో మునగడం వేరు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో హన్మకొండ, వరంగల్ కాలనీలలోకి వచ్చిన వరద నీరు మనం మరువలేదు. అటువంటి నీటిలో మునిగిన బండి పైకి ఆరినట్లు కనిపించినా తాళం తిప్పకండి, ఛార్జింగు పెట్టకండి. ఇంటికి దూరంగా నిలిపి కంపెనీ మెకానిక్‌కు కబురు చేయండి. సర్వీసింగు దుకాణంలో పైపుతో జోరుగా నీళ్ళు కొట్టించడం కూడా మానాలి, తడిబట్ట చాలు.

సోదరీమణులకు ఒక మాట. దుపట్టా, బురఖా అంచు వెనుక చక్రంలో చిక్కుకునే ప్రమాదం ఏ బండికైనా ఉన్నది. చక్రానికి కాపు ఉన్నదా చూసి, లేకపోతే పెట్టించండి. అంచులు కూర్చునే ముందే సర్దుకోండి. మరొకటి, ఇది శబ్దం చేయదు. నిలిచి ఉన్నప్పుడు ఆన్‌లో ఉన్నదో ఆఫ్‌లో ఉన్నదో తెలియదు. ముందు నిలబడిన పిల్లవాడు ఆటగా హ్యాండిల్ తిప్పితే బండి ఒక్కసారిగా దూకుతుంది. దిగేముందు తాళం తీయడం అలవాటు చేసుకోవాలి. గల్లీలో నడిచే వృద్ధులకు వెనుక బండి వస్తున్నదని వినిపించదు గనుక హారన్ ముందుగానే, మెల్లగా మోగించండి.

బ్యాటరీ ఉబ్బినా, ఘాటైన వాసన వచ్చినా, బుసబుస శబ్దం చేసినా, వాడని సమయంలో వేడెక్కినా దానిని వెంటనే ఆరుబయటకు చేర్చి వాడకం ఆపాలి. పొగ కనిపిస్తే మాత్రం దాని దగ్గరకు పోకూడదు. మనుషులను బయటికి పంపి, వీలైతే మెయిన్ ఆపి, 101కు ఫోను చేయాలి. బండి పోతే పోనివ్వండి. విప్పి సెల్స్ మార్చి ఇస్తామనే వీధి మరమ్మతుదారులకు బ్యాటరీ అప్పగించకండి. వారంటీ పోవడం అందులో చిన్న నష్టం. ఆయుష్షు తీరిన బ్యాటరీని పాతసామాను వానికి వేయకూడదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం దానిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారుదే, కొన్న దుకాణంలోనే అడగండి.

ఉమ్రాకో, 40 రోజుల జమాఅత్‌కో వెళ్ళేవారు బండిని నిండుగా ఛార్జి చేసి తాళం వేసి పోతున్నారు. సీసపు బ్యాటరీకి అది సరైనదే. లిథియం అయితే సగం, 50 నుండి 60 మధ్య ఉంచి, ఛార్జరు ఊడదీసి, నీడ పట్టున నిలిపి వెళ్ళండి. ఇంట్లో ఉన్నవారెవరికైనా తాళం ఇచ్చి, మూడు వారాలకొకసారి ఆన్ చేసి ఎంత మిగిలిందో చూడమనండి. 20కి దిగితే మళ్ళీ సగానికి నింపితే సరిపోతుంది.